ఒరలోకి వెళ్ళని కత్తి

మా బడి వేసిన రంగుల పుస్తకం నిన్న మా ఇంటికి కూడా వచ్చింది. అట్ట మీద పెద్దక్షరాలు: "ఈ విడత కార్యక్రమాలు, విద్యార్థుల విజయాలు". లోపల రగ్బీ జట్టు జిల్లా కప్పు గెలిచి బురద మొహాలతో నవ్వుతున్న ఫొటో ఉంది. ఎనిమిదో తరగతి వాళ్ళు వానలో కొండ శిఖరం ఎక్కిన ఫొటో, నా రసాయనశాస్త్రం పిల్లలు కళ్ళద్దాలు పెట్టుకుని ఏదో కనిపెట్టినట్టు నిలబడిన ఫొటో కూడా ఉన్నాయి. అన్నీ నిజమే. నాలుగో పేజీలో ఒక మూల ఇలా వేశారు: "సెయింట్ డేవిడ్ పండుగనాడు బడి ఐస్టెద్‌వొద్ ఉత్సవం ఎంతో ఆహ్లాదకరమైన వాతావరణంలో జరిగింది. సాంకేతిక కారణాల వల్ల కవితకు ఇచ్చే కుర్చీని విజేత ఇంటి వద్ద అందజేశాం."

ఆహ్లాదమట! సాంకేతిక కారణమట! చదివి నా ఒళ్ళు మండిపోయింది. ఆ రోజు ఆ హాల్లో నేనున్నాను. ఈ బడిలో జరిగింది జరిగినట్టు రాసే మనిషి ఒకావిడ ఉంది. ఆమె చేత రాయడం మాన్పించారు కాబట్టి, ఆమె సంగతి నేనే రాస్తున్నాను.

ఆమె పేరు మోర్విద్ బెబ్. బడి ముందుగదిలో గాజు కిటికీ వెనక కూర్చుంటుంది. మా ఊళ్ళో ఆమెను ఆంటీ అనని వాళ్ళు లేరు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అనేస్తారు. మనిషి పొట్టి, గొంతు మాత్రం గుడి గంట. కుర్చీలోంచి లేవకుండా "గెథిన్, నీ బూటు తాడు!" అందంటే, మైదానానికి అవతలి చివర ఉన్న గెథిన్ గబుక్కున వంగి తాడు కట్టుకుంటాడు. మా వెల్ష్ వాళ్ళ పాటల, పద్యాల పోటీ ఐస్టెద్‌వొద్‌లో గెలిచిన కవికి కుర్చీ ఇచ్చేటప్పుడు కత్తి పట్టుకుని జనాన్ని "శాంతి ఉందా?" అని అడిగే పని ఈ గొంతు చూసే ఆమెకు అప్పగించారు. అంతకుముందు ఆ పని చేసిన వెల్ష్ మాష్టారు గొంతు పోయి రిటైరయితే, ఎవర్ని పెట్టాలని ఒక్కరు కూడా ఆలోచించలేదట.

మోర్విద్ ఈ బడిలోనే చదివింది. చదివింది అంటే, పదిహేనో ఏట దాకా. వాళ్ళ నాన్న కొండమీది పలకరాతి గనిలో పనిచేసేవాడు. ఆ రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ఆయన మంచానపడ్డాడు. తల్లి అప్పటికే లేదు. రాత్రంతా దగ్గే మనిషికి వీపు నిమిరి, పొద్దున్నే పొయ్యి వెలిగించి, అప్పుడు బడికి పరిగెత్తడం ఎన్నాళ్ళు సాగుతుంది? మానేసింది. అసలు ఎందుకు రావడం లేదని బడినుంచి ఒక్కరు కూడా ఆ ఇంటి తలుపు తట్టలేదు. పేరు మీద గీత కొట్టేసి ఊరుకున్నారు. పాటల పోటీలో ఆ ఏడాది ఆమె పాడాల్సిన పాట ఇంకెవరో పాడారు.

తండ్రి పోయిన కొన్నేళ్ళకు అదే బడిలో ఆఫీసు ఉద్యోగానికి వచ్చింది. మొదటిరోజు నుంచీ ఆమె పెట్టుకున్న పని ఒకటే. పొద్దున్నే ఏ పిల్ల రాలేదో, ఏ పిల్లాడు రాలేదో చూసి వాళ్ళింటికి ఫోన్ చేయడం. బెదిరించడానికి కాదు. ఆ ఫోన్లు నేను రోజూ వింటూనే ఉంటాను.

"ఏరా, రాలేదేం? ... జ్వరమా? ఎవరికి, నీకా, మీ కుక్కకా? ... ఓహో, కుక్కకా. సరే, కుక్కకు నీళ్ళు పట్టి రెండో పీరియడ్‌కి వచ్చెయ్. మీ మిస్‌కి నేను చెప్తాలే."

పనిలో పనిగా నెలకోసారి పసుపు కాగితం మీద బడి సంగతులు వేసేది. అదే మా ఊరి పత్రిక. చేపల వేపుడు కొట్లో గోడమీద, మంగలి షాపులో అద్దం పక్కన, డాక్టరుగారి గదిలో, ఎక్కడ చూసినా అదే. కప్పులూ పతకాలూ వేసేది, కానీ వాటితోపాటు ఇలాంటివి కూడా వేసేది: "ఏడో తరగతి సియోనెడ్ ఈత కొలను అడ్డంగా ఈదింది. నిలువుగా ఈదడానికి ఇంకా టైముంది." "తొమ్మిదో తరగతి హవెల్ ఈ నెల ఎవర్నీ కొట్టలేదు." హవెల్ వాళ్ళమ్మ ఆ ముక్క కత్తిరించి బీరువా తలుపుకి అంటించుకుంది. వాడు ఇప్పుడు పెద్దవాడై లారీ తోలుతున్నాడు, ఆ ముక్క ఇంకా అక్కడే ఉంది.

రెండేళ్ళ క్రితం కొత్త హెడ్‌మాష్టారు వచ్చాడు, ఎమ్లిన్ స్ట్రాడ్లింగ్. కొత్త అంటే పదవికి కొత్త, ఊరికి కాదు. కొండ వెనక గొర్రెల ఫారం వాళ్ళబ్బాయి. ఈ బడిలోనే చదివాడు, మోర్విద్ కళ్ళముందే పెరిగాడు. రాగానే మొదట చేసిన పని పసుపు కాగితం ఆపించడం. "ఆంటీ, ఇప్పటి కాలానికి ఇది బావుండదు. మనం ప్రమాణాలు చూపించాలి" అన్నాడు. దాని బదులే ఈ రంగుల పుస్తకం. అందులో గెలిచినవాళ్ళే ఉంటారు. ఎవర్నీ కొట్టని హవెల్‌కి అందులో చోటు లేదు.

రెండో పని హాజరు. హాజరు తొంభై శాతం లేని పిల్లలకు ముందు బంతి దొర్లించే బౌలింగ్ ఆట ట్రిప్పు తీసేశాడు, తర్వాత సంవత్సరాంతం డాన్సు తీసేశాడు. ఆ తర్వాత శుక్రవారం మధ్యాహ్నాలు. శుక్రవారం మధ్యాహ్నం మా బడిలో పాఠాలుండవు. పాటల బృందం, రగ్బీ, నాటకం, ఎవరికి ఇష్టమైంది వాళ్ళు. హాజరు చాలని పిల్లలు మాత్రం లైబ్రరీలో కూర్చుని కాగితాలు పూరించాలి. గోడ అవతల తోటివాళ్ళు పాడుతుంటే వింటూ పూరించాలి. చివరికి ఈ ఏడాది ఐస్టెద్‌వొద్ కూడా ఆ లెక్కలోకే వచ్చింది. వేదిక ఎక్కాలంటే హాజరు ఉండాలి, హాల్లో కూర్చోవాలన్నా ఉండాలి. లేనివాళ్ళు ఆ రోజు కూడా లైబ్రరీలోనే.

మెలేరి రోసర్‌ని కలిపితే గానీ ఈ కథ పూర్తి కాదు. పదకొండో తరగతి. ఏటిగట్టు వీధిలో తల్లితో ఉంటుంది, ఇద్దరే. తల్లికి నరాల జబ్బు. మేడ మీద గది ఉన్నా మెట్లెక్కలేదు కాబట్టి మంచాన్ని కిందికి, వీధివైపు గదిలోకి దించారు. మధ్యాహ్నం తల్లికి భోజనం పెట్టడానికి మెలేరి ఇంటికి వెళ్తుంది. మంచిరోజైతే తిరిగొస్తుంది, చెడ్డరోజైతే రాదు. ఈ పిల్ల పాటల బృందంలో రెండో గొంతు పాడేది. శుక్రవారాల రూలు వచ్చాక ఆ గొంతు లేక బృందం కుంటుతోంది. ఇదంతా మోర్విద్‌కి తెలుసు, ఎందుకంటే పొద్దున్నే ఫోన్ చేసేది ఆవిడే కదా. ఎమ్లిన్‌కి తెలియదా అంటే, తెలుసుకోవాలనుకుంటే తన గది తలుపు తెరిచి ఆమెను అడిగితే చాలు.

ఉత్సవానికి ముందురోజు నేను కాగితాలు జిరాక్సు తీసుకోవడానికి ముందుగదిలో నిలబడ్డాను. ఎమ్లిన్ తన గది తలుపులోంచి తల బయటపెట్టాడు.

"మోర్విద్ ఆంటీ, రేపటి ఫొటో కింద వేసే మాటలు ఇప్పుడే టైపు చేసి ఉంచండి. కుర్చీ మాక్సెన్ ప్రిదర్చ్‌ది."

మోర్విద్ కీబోర్డు మీంచి చేతులు తీసింది. మా దగ్గర కుర్చీ పోటీకి కవిత పంపేవాళ్ళు సొంత పేరు రాయరు. మారుపేరు రాస్తారు, అసలు పేరు అంటించిన కవర్లో ఉంటుంది. న్యాయనిర్ణేత మారుపేరు పిలిచేదాకా, చీకటి హాల్లో ఆ పిల్లో పిల్లాడో లేచి నిలబడేదాకా ఎవరికీ తెలియకూడదు. కవరు ముందే తెరవడం అంటే మా జనానికి వండుతున్న కుండలో ఉమ్మేసినట్టు.

"రేపు బాకా ఊదాక కదా తెలిసేది" అంది మోర్విద్.

"ఫొటో తీసేవాళ్ళకు ముందే చెప్పుకోవాలి కదండీ."

"కవరు తెరిచావా, ఎమ్లిన్?"

"సార్ అనండి ఆంటీ. ఎవరైనా వింటారు."

"వింటే విననీ. తెరిచావా?"

అతను నావైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "తెరవాల్సొచ్చింది. మొదటిది మెలేరి రోసర్‌ది. ఆ పిల్ల హాజరు మీకు తెలుసు కదా. వేదిక ఎక్కడానికి లేదు. రెండో కవిత మాక్సెన్‌ది, వాడికిస్తాం. వాడు ఒక్కరోజు కూడా మానలేదు."

"ఆ పిల్ల ఎందుకు మానేస్తోందో తెలుసా నీకు?"

"ప్రతివాళ్ళకీ ఏదో ఒక కారణం ఉంటుంది. అందరి కారణాలూ వింటూ కూర్చుంటే బడి నడవదు."

"వినకుండా నడిపేదాన్ని బడి అనరు నాయనా, దొడ్డి అంటారు. నీకు తెలీందేముంది, గొర్రెల ఇంట్లో పుట్టినవాడివి."

అతను మొహం మాడ్చుకుని తలుపేసుకున్నాడు. నాకు కోపం ఆగలేదు. "నేనిప్పుడే వెళ్ళి న్యాయనిర్ణేతకి చెప్పేస్తాను" అన్నాను.

"వద్దు నెస్ట్, తల్లీ. కవర్లో పేరు మనమూ ఊరంతా చాటితే, తెరిచినవాడికీ మనకీ తేడా ఏముంది? ఆ పిల్లకి రేపు ఒక్క క్షణం ఉంది, అందరూ వెతుకుతుంటే లేచి నిలబడే క్షణం. ముందే చెప్తే అదీ పోతుంది." మళ్ళీ తనే అంది: "వాడు సిగ్గుపడతాడులే. బాకా మోగాక, ఎవరూ లేవకపోతే, వాడే వెళ్ళి లైబ్రరీ తలుపు తీస్తాడు. చెడ్డవాడు కాదు ఎమ్లిన్. నేను చూస్తూ పెరిగినవాడు."

మంచివాళ్ళతో వచ్చే చిక్కు ఇదే. ఎదుటివాడికి ఇంకో అవకాశం ఇద్దామని చూస్తారు.

మర్నాడు బడంతా పసుపురంగు డాఫడిల్ పూలతో నిండిపోయింది. వంటగదిలోంచి గొర్రెమాంసం, లీకు ఉల్లికాడలు వేసి కాచిన కౌల్ సూపు వాసన. పొద్దున పద్యాలు, పాటలు, జట్టు నాట్యాలు అయ్యాయి. ఓడిన జట్టువాళ్ళు న్యాయనిర్ణేతకు చెవుడన్నారు, గెలిచినవాళ్ళు ఆయనంత తెలిసినవాడు దేశంలో లేడన్నారు. ప్రతి ఏడాదీ ఉండేదే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి వెనక బెంచీల్లో ఇరుక్కుని కూర్చున్నారు. కుర్చీ చూడటానికి అందరూ వస్తారు. ఈసారి కుర్చీ మా చెక్కపని పిల్లలు, ఊళ్ళో మూతపడ్డ చాపెల్ చర్చి బల్లల ఓకు చెక్కతో చేశారు. ముసలాళ్ళు వెళ్ళి వెళ్ళి దాన్ని తడిమి చూశారు.

న్యాయనిర్ణేత ఇథెల్ పెన్నార్, రిటైరయిన పాస్టరు. ఆయన ముందుగా మిగతా కవితల బాగోగులు చెప్పి, తర్వాత కళ్ళజోడు తీసేసి మాట్లాడాడు.

"కింది మెట్టు అన్న మారుపేరుతో వచ్చిన కవిత మెట్ల గురించి. మేడ మీద గది ఖాళీగా ఉన్న ఇంట్లో, మెట్లు రోజూ ఎవరికోసమో ఎదురుచూస్తుంటాయి. ఎక్కేవాళ్ళు రారు. ఈ కవితలో ఏడుపు ఒక్కచోట కూడా లేదు. కానీ ఇది రాసినవాళ్ళకి ఒక ఇల్లు ఎంత బరువో తెలుసు. కుర్చీ ఈ కవితదే."

దీపాలు ఆర్పేశారు. బాకా మోగింది. "కింది మెట్టు, కింది మెట్టు ఒక్కరే లేచి నిలబడాలి!" అని పిలిచారు. పైనుంచి ఒక దీపం వెలుగు హాలంతా తిరగడం మొదలుపెట్టింది. అందరం మెడలు తిప్పి వెతుకుతున్నాం. ఎవరూ లేవలేదు. వెలుగు రెండోసారి తిరిగింది. బల్లలు కిర్రుమన్నాయి. నేను వేదిక వైపే చూస్తున్నాను. అక్కడ మోర్విద్ కత్తి పట్టుకుని నిలబడి, ఎమ్లిన్‌ని చూస్తోంది. కోపంగా కాదు, కొడుకుని చూసినట్టు. ఇప్పుడైనా లేవరా, వెళ్ళి ఆ తలుపు తియ్యరా, అన్నట్టు.

లేచాడు. మైకు దగ్గరికి వెళ్ళాడు.

"దురదృష్టవశాత్తూ విజేత ఈ రోజు హాజరు కాలేకపోయారు. కాబట్టి కుర్చీ రెండో స్థానంలో ఉన్న కవికి వెళ్తుంది."

హాజరు కాలేకపోయారట! గోడ అవతల కూర్చోబెట్టిందెవరు? ఏరు దాటినవాడు తెప్ప తగలేశాడంటే ఇదే.

మాక్సెన్ మారుపేరు పిలిచారు. వాడు అయోమయంగా లేచాడు. మంచి పిల్లాడే. భుజాల మీద ఊదారంగు శాలువా కప్పి వేదిక మీదికి తీసుకెళ్ళారు. కుర్చీ పక్కన నిలబెట్టారు. ఇక మోర్విద్ వంతు. మా బడి కత్తి చెక్కదే, మనుషుల్ని కోసేది కాదు. ఒరలోంచి సగం లాగి, శాంతి ఉందా అని అడగాలి. జనం శాంతి అని అరిస్తే లోపలికి తోయాలి. అలా మూడుసార్లు, మూడింటికీ ముందు మూడు పాత పిలుపులు. మూడోసారి జవాబు వచ్చి కత్తి లోపలికి వెళ్తేనే కవి కుర్చీలో కూర్చోవాలి. ఎన్ని తరాల నుంచో ఇదే పద్ధతి.

మోర్విద్ కత్తి సగం లాగింది.

"సత్యం ఒకవైపు, లోకమంతా ఒకవైపు! శాంతి ఉందా?"

"శాంతి!" హాలు అదిరిపోయింది. వందలమంది, ఒక్క గొంతుతో. చిన్నప్పటినుంచీ అరిచిన మాట కదా, ఆ ప్రశ్న చెవిన పడగానే నోరు దానంతటదే తెరుచుకుంటుంది. లోకంలో ఇంకెవరూ చేయలేని తప్పు అది. మా వాళ్ళే చేయగలరు. గంగిరెద్దులు నయం, కనీసం బూర విన్నాకే తలూపుతాయి.

మోర్విద్ కత్తి లోపలికి తోయలేదు. అలాగే పట్టుకుని నిలబడింది. నవ్వులు మొదలయ్యాయి, ముసలామె మరిచిపోయిందనుకున్నారు.

"మోర్విద్ గారూ, లోపల పెట్టండి" అన్నాడు ఎమ్లిన్ నెమ్మదిగా.

"జవాబు రాలేదండి, సార్."

"చెప్పారు కదా!"

"అలవాటు చెప్పింది. మనుషులు ఇంకా చెప్పలేదు." ఆమె జనం వైపు తిరిగింది. ఆమెకు మైకు అక్కర్లేదు. "ముందు నేనేం అడిగానో వినండి. సత్యం ఒకవైపు అన్నాను. సత్యం ఇది. కింది మెట్టు ఇవాళ బడికి వచ్చింది. ఆ గోడ అవతల, లైబ్రరీలో ఉంది. హాజరు చాలలేదని చేతికో కాగితం ఇచ్చి కూర్చోబెట్టారు. పేరు నేను చెప్పను, అది లేచి నిలబడే మనిషి చెప్పాల్సింది. కానీ ఈ హాల్లో ఎవరూ లేవరని బాకా ఊదకముందే తెలిసినవాళ్ళు ఒకరున్నారు."

వెనక బెంచీలవాళ్ళు లైబ్రరీ గోడ వైపు తిరిగారు.

"ఎమ్లిన్" అంది ఆమె. ఈసారి సార్ లేదు. "ఏటా మార్చిలో గొర్రెలు ఈనేకాలానికి మీ నాన్న నిన్ను బడి మాన్పించేవాడు. పొద్దున్నే మీ ఇంటికి ఫోన్ చేసింది నేనే. 'రాత్రి నుంచి వాడు దొడ్లోనే ఉన్నాడు, ఇవాళ రాడమ్మా' అనేవాడాయన. కడుపులో అడ్డం తిరిగిన పిల్లని నీ చేత్తో బయటికి తీశావు. అది పసుపు కాగితంలో నేనే వేశాను, విజయాల్లో మొట్టమొదట. ఆ ఏడే ఇదే వేదిక ఎక్కి పద్యం చెప్పావు, బూట్లకి ఇంకా పేడ ఉంది. ప్రైజు నీకే ఇచ్చారు. ఎవరైనా నిన్ను తీసుకెళ్ళి లైబ్రరీలో కూర్చోబెట్టారా? గొర్రెకి చేసిన చాకిరీకి బడి మానొచ్చు గానీ, అమ్మకి చేసిన చాకిరీకి మానకూడదా?"

ఎమ్లిన్ మొహం మెడదాకా ఎర్రబడింది. మోర్విద్ కత్తిని ఇంకాస్త పైకెత్తింది.

"గుండెకి గుండె ఎదురుగా అడుగుతున్నాను! శాంతి ఉందా?"

ఒక్కరూ నోరు విప్పలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. ఆ రోజు ఆ హాల్లో మౌనం ఎవరికీ అంగీకారం కాదు. వెనక తలుపు దగ్గర చేతిలో గరిటెతో నిలబడిన వంటావిడ మైర్ "లేదు!" అంది. ఆ తర్వాత ఒక్కో బెంచీ నుంచీ, ఒక్కో మూల నుంచీ లేదు, లేదు అని వినపడసాగింది. మాక్సెన్ తన భుజాల మీంచి శాలువా తీసి మడతపెట్టి కుర్చీ మీద పెట్టాడు.

"ఇది నాది కాదు మిస్. నేను దిగిపోతాను" అన్నాడు, వేదిక కిందే కూర్చున్న నాతో. ఇథెల్ పెన్నార్ లేచి, "నేను కుర్చీ ఇచ్చింది కింది మెట్టుకి. ఇంకెవరికీ ఇవ్వలేదు" అని చెప్పి, లైబ్రరీ తలుపు తానే తీయడానికి బయల్దేరాడు.

ఆయన తిరిగొచ్చేదాకా ఎవరూ కదల్లేదు. ఒంటరిగానే తిరిగొచ్చాడు. వెనకాలే లైబ్రరీలో పిల్లల్ని చూసుకునే అమ్మాయి వచ్చింది. "అక్కడున్నవాళ్ళెవరూ కాదటండీ. లేనిది మెలేరి ఒక్కతే, భోజనాలప్పుడు ఇంటికెళ్ళింది. వాళ్ళమ్మకి ఇవాళ బాలేదట. ఇంకా రాలేదు" అంది.

మైకు ఇంకా వేసే ఉంది. దాని పక్కనే నిలబడిన ఎమ్లిన్ తనలో తాను అనుకున్నట్టుగా అన్న మాట హాలంతా వినపడింది.

"చూశారా? మళ్ళీ గైర్హాజరు."

ఆ మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను. సభ ముగిసిందని చెప్పి అందర్నీ ఇళ్ళకు పంపేసేవారేమో. ఆ మాట విన్నాక మాత్రం ఎవరి అనుమతీ ఎవరూ అడగలేదు. జిల్లా కప్పు గెలిచిన రగ్బీ జట్టులో ముందువరస కుర్రాళ్ళు ముగ్గురు వేదిక ఎక్కి కుర్చీ ఎత్తారు, నాలుగో కాలు మాక్సెన్ పట్టుకున్నాడు. బయట సన్నగా వాన. మైర్ తన రెయిన్‌కోటు తీసి కుర్చీకి కప్పింది. పిల్లలు, ఊళ్ళోవాళ్ళు, న్యాయనిర్ణేత అందరూ బడి గేటు దాటి కొండ దిగువకి నడిచారు. ముందు మోర్విద్, చేతిలో సగం లాగిన కత్తి. ఒరలోకి తోయకుండా పట్టుకుని నడవడం కష్టం, మధ్యమధ్య చెయ్యి మార్చుకుంటోంది. నేను పట్టుకుంటానంటే ఇవ్వలేదు.

ఏటిగట్టు వీధిలో ఆ ఇంటి ముందు ఆగి మోర్విద్ తలుపు తట్టింది. మెలేరి తీసింది. చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి, ఒక చేతిలో స్పూను. ఎదురుగా కిక్కిరిసిన జనాన్ని చూసి ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"సారీ ఆంటీ, ఫోన్ చేద్దామనే అనుకున్నా. వచ్చేసేదాన్నే. ఇవాళ అమ్మకి చేతులు మరీ వణుకుతున్నాయి, కప్పు పట్టుకోలేకపోతోంది. అందుకే... నిజంగా ఆంటీ."

సంజాయిషీ చెప్పుకుంటోంది! కుర్చీ గెలిచిన పిల్ల, గుమ్మంలో స్పూనుతో నిలబడి, తిట్టడానికి వచ్చారనుకుని సంజాయిషీ చెప్పుకుంటోంది. బడి ఆ పిల్లకి నేర్పిన పాఠం అది. నాకు కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, కోపంతో.

ఇథెల్ పెన్నార్ ముందుకొచ్చి టోపీ తీశాడు. "అమ్మా, కింది మెట్టు ఎవరో చెప్తావా?"

మెలేరి ఆయన్ని చూసింది, రెయిన్‌కోటు కప్పిన కుర్చీని చూసింది. చాలాసేపటికి అర్థమైంది.

"నేనేనండి" అంది.

వాళ్ళమ్మకి కిటికీలోంచి కనపడేలా కుర్చీ వీధిలోనే దించారు. మాక్సెన్ రెయిన్‌కోటు తీసి శాలువా మెలేరి భుజాల మీద కప్పాడు, కుదరక ఒకవైపు వేలాడింది. "కూర్చో, తడిసిపోతోంది" అన్నాడు. లోపల తల్లి దిండ్ల మీద లేచి కూర్చోవడానికి తంటాలు పడుతోంది. మెలేరి అది చూసి లోపలికి వెళ్ళబోయింది, తల్లి చెయ్యి ఊపి ఆపేసింది.

మోర్విద్ కుర్చీ పక్కన నిలబడింది. పద్ధతి ప్రకారం మూడో ప్రశ్న ఇంకా మిగిలింది. వాన చప్పుడుకి మించి ఆమె గొంతు వీధి ఆ చివరికీ ఈ చివరికీ వినపడింది.

"కేకకి మారుకేక! శాంతి ఉందా?"

జవాబు చెప్పాల్సింది జనం. కానీ అందరూ మెలేరినే చూశారు. ఆ పిల్ల చేతిలో స్పూనుని కాసేపు తిప్పింది.

"ఆంటీ, రేపు శుక్రవారం కదా?"

"అవును తల్లీ."

"రేపు మధ్యాహ్నం నేను మళ్ళీ ఆ లైబ్రరీలోకే రావాలి కదా?"

మోర్విద్ అబద్ధం చెప్పే మనిషి కాదు. తలూపింది.

"అయితే లేదు" అంది మెలేరి. కోపంగా ఏమీ అనలేదు. టైమెంతైందని అడిగితే చెప్పినట్టు చెప్పింది. లోపల ఏదో కింద పడిన చప్పుడైంది. "ఉండమ్మా, వస్తున్నా" అంటూ ఇంట్లోకి పరిగెత్తింది. కుర్చీ ఖాళీగా వానలో ఉండిపోయింది. కుర్రాళ్ళు దాన్ని అటు తిప్పి, ఇటు వంచి, చివరికి తలుపులోంచి లోపలికి పట్టించారు.

ఇది మార్చి మొదటి తారీకు సంగతి. పాలకవర్గం వాళ్ళు రూలుని పునఃపరిశీలిస్తున్నారట, రంగుల పుస్తకంలో అది కూడా వేయలేదు. మోర్విద్‌కి మందలింపు ఇచ్చారు, ఆమె చదివి ఫైల్లో పెట్టుకుంది. పొద్దున ఫోన్లు మానలేదు. బడికి ఎవరొచ్చినా ముందు కనపడేది ఆమె గాజు కిటికీ, దాని ముందు బల్ల, బల్ల మీద సగం బయటికి ఉన్న చెక్క కత్తి. పిల్లలు దాన్ని చూస్తూ వెళ్తారు, ఎవరూ ముట్టుకోరు.

"అది లోపల పెట్టేయండి ఆంటీ, ఇప్పటికైనా. వచ్చేవాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు ఎమ్లిన్ ఇవాళ పొద్దున.

"నేను అడిగింది అడిగాను. నువ్వు జవాబు చెప్పు, పెట్టేస్తా."

అతను తన గదిలోకి వెళ్ళాడు. ఇవాళ శుక్రవారం. పాటల బృందం రెండో గొంతు లేకుండానే సాధన చేస్తోంది. మెలేరి లైబ్రరీలో ఉంది.